బాపుకు ఒక తల కావాలి

మా దుకాణంలో కొమ్ము దువ్వెన అమ్మాలంటే ముందు అది నా తల మీద పాస్ కావాలి. ఇది మా నాన్న, అంటే మా బాపు, పెట్టిన రూలు. నేను బడికి పోయే వయసు నుంచీ ఈ రూలు నా నెత్తి మీదే నడిచింది.

చార్మినార్ పక్కన లాడ్ బజార్ నుంచి లోపలికి తిరిగే ఒక ఇరుకు సందులో మా దుకాణం. రిబ్బన్లు, పిన్నులు, క్లిప్పులు, సవరాలు, దువ్వెనలు, ఒక్క మాటలో చెప్పాలంటే ఆడవాళ్ల తలకు కావాల్సిన సరుకంతా దొరుకుతుంది. అందులో బర్రె కొమ్ముతో చేసిన దువ్వెనలంటే బాపుకు ప్రాణం. మిగతా సరుకు మా బతుకుదెరువు కోసం, ఇవి మాత్రం ఆయన సంతోషం కోసం. చిక్కేమిటంటే, ఆయనకు ముప్పై నిండకముందే బట్టతల వచ్చింది. పాతబస్తీ మొత్తంలో దువ్వెనల గురించి ఆయనంత మాట్లాడేవాడు లేడు, దువ్వెనతో ఆయనంత పని లేనివాడూ లేడు.

కొత్త సరుకు రాగానే ఆయన దువ్వెనను వెలుతురుకు ఎత్తి పడతాడు. కొమ్ములోని గీతలు పళ్ల వెంట పొడుగ్గా సాగాలి. అడ్డంగా పోయాయంటే చిక్కు తగలగానే పన్ను విరుగుతుంది. తర్వాత పళ్ల సందుల్లో గోరు పెట్టి చూస్తాడు. అక్కడ కోత గరుకు మిగిలి ఉంటే వెంట్రుక తెగుతుంది. ఆ తర్వాత బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. వెంట్రుక కాలినట్టు సన్నగా వాసన వస్తే కొమ్ము, రాకపోతే ప్లాస్టిక్. ఇదంతా అయ్యాక నావైపు తిరిగి "ఇట్ల రా" అంటాడు. అంటే నా తల కావాలన్నమాట.

నేను స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆయన ఒక్కో దువ్వెననూ నుదుటి నుంచి మెడ దాకా లాగేవాడు. నేను "అబ్బా" అంటే అది పక్కకు పోయేది, అనకపోతే అద్దాల బీరువాలోకి పోయేది. నా దోస్తులంతా సందు చివర క్రికెట్ ఆడుతుంటే నేను లోపల అబ్బా అనే ఉద్యోగం చేసేవాణ్ణి. ఒత్తయిన జుట్టు నాది. పెండ్లిచూపుల నాడు మా అత్తగారు మెచ్చుకున్నది కూడా జుట్టునే, నన్ను కాదు.

అమ్మేటప్పుడు బాపు చెప్పే జాగ్రత్తలు ఇంకో తతంగం. "చూడు బిడ్డా, వేడి నీళ్లల్ల ముంచొద్దు. ఎండల పెట్టొద్దు. మురికి పడితే పాత టూత్‌బ్రష్‌తోని పొడిగ తుడువు. అప్పుడప్పుడు కొబ్బరి నూనె చుక్క రాసి బట్టల సుట్టి పెట్టు. బీరువాల పెడితే లవంగాలు ఎయ్యి, లేకుంటే పురుగు తింటది." పక్కన నిలబడి వింటే ఈయన దువ్వెన అమ్ముతున్నాడా, పిల్లను అత్తారింటికి పంపుతున్నాడా అని అనుమానం వచ్చేది. ఒకసారి కాలేజీ అమ్మాయి ఒకతె విల్లులా వంగిపోయిన దువ్వెన పట్టుకొచ్చి, మార్చి ఇవ్వమని కౌంటర్ మీద పెట్టింది. కారులో అద్దం కింద పెట్టి మరిచిపోయిందట, అదీ ఎండాకాలంలో. బాపు కోపంతో కళ్లజోడు తీసేశాడు.

"నువ్వేమో ఏసీల కూసుంటవ్. దాన్నేమో ఎండల కూసోపెడ్తవ్. గిదేం న్యాయం బిడ్డా?"

అమ్మాయి నవ్వింది, బాపు మాత్రం నవ్వలేదు. వేడి నీళ్లలో దాన్ని కాసేపు ఉంచి, రెండు చెక్కల మధ్య పెట్టి, పైన తూకపు రాళ్లు పేర్చాడు. మర్నాటికి అది చక్కబడింది. వేడి నీళ్లు వద్దని నువ్వే చెప్పావు కదా అని నేను అడిగితే, "నేను జెయ్యొచ్చు, ఆమె జెయ్యొద్దు" అన్నాడు. మా ఇంట్లో చాలా రూల్స్ ఇలాగే ఉంటాయి.

ఇట్లా సాగుతుండగా, నలభై దాటాక నా జుట్టు నన్ను విడిచిపెట్టి పోవడం మొదలుపెట్టింది. తువ్వాల మీద కొంత, దిండు మీద కొంత, మిగిలింది స్నానాల గదిలో. బాపుకు చూపు కొంచెం మందగించింది కాబట్టి ఆయన గమనించలేదు. నేనూ చెప్పలేదు. ఒకనాడు కొత్త సరుకులోంచి ఒక దువ్వెన తీసి నా నెత్తి మీద లాగి, ఆయన ఆశ్చర్యంగా ఆగిపోయాడు.

"అరె, మస్తున్నది రా ఇది! ఏడ గూడ తట్టుత లేదు."

"తట్టనీకి ఆడ ఏమన్న ఉండాలె గద బాపు."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని నా తలను పైనుంచి చాలాసేపు చూశాడు. "పోయిందా?" అన్నాడు. ఎవరైనా చనిపోయారని తెలిసినప్పుడు అడిగే గొంతు అది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "పోదా మరి? నీ కొడుకును గద" అన్నాను. ఆయన తన గుండును ఒకసారి తడుముకుని, దువ్వెనను మెల్లగా డబ్బాలో పెట్టేశాడు.

అక్కడి నుంచి తల వేట మొదలైంది. మా ఆవిడకు నడుము దాకా జుట్టు ఉంది, కానీ మామ కోడలి తల ముట్టడమనే మాటే లేదు మా ఇళ్లల్లో. పక్క గాజుల దుకాణం భాయ్‌కి దట్టమైన జుట్టు, దానికి గోరింటాకు రంగు. బాపు ఆయన్ని పిలిచి స్టూలు మీద కూర్చోపెట్టాడు. కొమ్ము దువ్వెన నెత్తి మీద మెల్లగా ఆడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు సందంతా చూసింది. భాయ్ గురక పెట్టాడు. గిరాకీలు ఆయన కాళ్లు దాటుకుంటూ లోపలికి వచ్చారు. లేపి ఎట్లున్నయని అడిగితే, "సబ్ మస్త్ హై సేఠ్" అని లేచి వెళ్లిపోయాడు.

బాపు మండిపడ్డాడు. "అన్నిటికి మస్త్ అనే తల నాకెందుకు రా? తిట్టే తల గావాలె నాకు."

అలాంటి తల దొరక్క, చివరికి ఆయన తన బుర్ర వాడాడు. దాంతోనే అసలు లొల్లి మొదలైంది. మా దుకాణంలో సవరాలున్నాయి కదా, సవరం కూడా అసలు వెంట్రుకే కదా, కాబట్టి తల ఎందుకు అన్నది ఆయన లెక్క. పొడుగాటి సవరం ఒకటి కిటికీ ఊచకు కట్టి, దాని వెనక నిలబడి ఒక్కో దువ్వెనతో దువ్వడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకావిడ ఆ సవరం ఎంతకిస్తారని అడిగింది. బాపు వినిపించుకోలేదు. సాయంత్రానికి సరుకు మొత్తం పాసైంది. సవరం ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

ఆ దువ్వెనలు అమ్మిన కొద్ది రోజులకే ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. పళ్ల కొసలు సరిగ్గా అరగదీయలేదు, నెత్తికి గుచ్చుకుంటున్నాయి అంటున్నారు అందరూ. పురానాపూల్ నుంచి వచ్చే, మేం ఖాలా అని పిలిచే పెద్దావిడ ఒకామె ఉంది. నా చిన్నప్పటి నుంచి మా దగ్గర తప్ప ఎక్కడా దువ్వెన కొనదు. ఆమె బురఖాలోంచి చెయ్యి బయటపెట్టి దువ్వెనను కౌంటర్ మీద టక్కున పెట్టింది.

"సేఠ్, ఆప్ కంఘీ దియే యా ఆరీ దియే?"

దువ్వెన ఇచ్చావా రంపం ఇచ్చావా అని. దుకాణం నిండా గిరాకీలున్నారు. "దిఖా నై సక్తీ, మగర్ ఖూన్ నికల్ గయా" అని కూడా అంది. రక్తం వచ్చిందట, కానీ పరాయి మగవాళ్లకు తల చూపించలేదు. చూపించి ఉంటే బాపుకు కొంచెం తేలికగా ఉండేదేమో. ఆ చూపించని గాయం గురించే ఆయన సాయంత్రం దాకా ఆలోచించాడు. ఇంటికి వస్తూ ఆటోలో తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "సవరానికి ఎంటికలున్నయ్. తోలు లేదు."

మర్నాడు పొద్దున ఆయన చెప్పులు వేసుకోలేదు.

"నేను రాను. మంది నెత్తులు పలగ్గొట్టేటందుకు పెట్టిన్నా దుకాణం? తల దొరికిననాడు వస్త."

మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత తెలిసింది, ఆయన దుకాణానికి రాకపోతే కష్టం దుకాణానికి కాదు, మా అమ్మకు. పెండ్లయిన నాటి నుంచి పొద్దున టిఫిన్ అయింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇల్లు మా అమ్మది. ఇప్పుడు ఆ ఇంట్లో పని లేని దుకాణందారు ఒకడు తిరుగుతున్నాడు. పోపుల డబ్బాలో మెంతులూ జీలకర్రా చోటు మార్చాడు. అట్లకాడను వెలుతురుకు ఎత్తి చూశాడు. అప్పడాల కర్రను బొటనవేలితో రుద్ది వాసన చూశాడు. సీరియల్ మధ్యలో టీవీ బంద్ చేసి "కండ్లు పోతయ్" అన్నాడు. అమ్మ నాకు దుకాణానికి ఫోన్ మీద ఫోన్.

"మీ బాపును తీస్కపో బిడ్డా. నీకు దండం బెడ్త. ఆడ ఊకె కూసోపెట్టు, నాకు ఫికర్ లేదు. ఈడ మాత్రం వద్దు."

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె వంక పెట్టని వస్తువు భూమ్మీద లేదు. కొత్త చీర తెస్తే ముందు చూసేది పోగు ఎక్కడ లేచిందో. పాలు చిక్కగా ఉంటే మాడువాసన అంటుంది, పలచగా ఉంటే నీళ్లంటుంది. పెండ్లికి పోయి వచ్చిన ప్రతిసారీ వంటవాణ్ణి ఏం చెయ్యాలో మాకు చెప్తుంది. అబద్ధం మాత్రం ఎన్నడూ చెప్పదు. అదే ఇబ్బంది.

ఇదంతా జరుగుతుండగా, మాకు కొమ్ము దువ్వెనలు చేసిచ్చే ఉస్తాద్ ఫోన్ చేశాడు. కొత్త సరుకు తయారైందట. ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లు ఎవరో సరుకు మొత్తం తమకే ఇవ్వమని ఆయన వెంటపడుతున్నారట. "సేఠ్ పాస్ చేస్తే మీకే. కానీ ఇయ్యాల్నే చెప్పాలె అన్నా, రేపైతే నా చేతుల లేదు" అని శాంపిల్ సంచీ పంపించాడు. మధ్యాహ్నం నేను ఆ సంచీ భుజానికేసుకుని ఇంటికి వచ్చి బాపు ముందర పెట్టాను.

"బాపు, నువ్వు చూస్తెనే తీసుకుంట. లేకుంటే కొమ్ము దువ్వెనలు బంద్. ప్లాస్టిక్‌వే అమ్ముకుందం."

ఆయనకు గుచ్చుకోవాలనే అన్నాను, గుచ్చుకుంది. కొమ్ము దువ్వెనలు లేని దుకాణానికి ఆయన ఇక ఎన్నటికీ రాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. దువ్వెనలన్నీ మంచం మీద పరిచాడు. వెలుతురుకు ఎత్తాడు, గోరు పెట్టాడు, రుద్ది వాసన చూశాడు. ఆ తర్వాత చేతిలో దువ్వెనతో అలాగే ఆగిపోయి, నా నెత్తి వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. నాకు జాలేసింది. నా తల మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ అంది: "అత్తమ్మకు తల లేదా?"

అమ్మ తలస్నానం చేసి, కిటికీ కింద చాప మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. డెబ్బైకి దగ్గరపడ్డా ఆమె జుట్టు ఇప్పటికీ వీపు నిండుగా ఉంది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది. "తిట్టే తల గావాలంటిరి గద మామయ్యా. అత్తమ్మను మించి తిట్టేటోళ్లు చార్మినార్ చుట్టూత ఎవరున్నరు?"

బాపు ముఖం గుండు దాకా ఎర్రబడింది. "గదేంది? ఆమె తలనా? పగటీలి? అందరి ముంగట?"

నాకు నవ్వాగలేదు, కానీ ఆయన బాధ అర్థమైంది. మా తాత బతికున్నన్నాళ్లూ బాపు అమ్మతో మాట్లాడాలంటే గోడకు చెప్పినట్టు చెప్పేవాడట. తాత పోయి చాలా కాలమైనా ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ ఆయనకు చాయ్ కావాలంటే "ఇంట్ల చాయ్‌పత్తి ఉన్నదా?" అని గాలినడుగుతాడు.

అమ్మ మాత్రం సూటిగా అడిగింది. "నా తల ఇస్తే రేపటి సంది దుకాణానికి పోతవా?"

"పాసైతే పోత."

"అయితే రా. జల్ది కానియ్యి."

బాపు వచ్చి ఆమె వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆమె చేతిలో ఉన్నది చూశాడు. గులాబీ రంగు ప్లాస్టిక్ దువ్వెన. రోడ్డు మీద బండి వాళ్లు గుట్టగా పోసి అమ్మే రకం. నడుమ కొన్ని పళ్లు లేవు.

"గిదేంది?"

"దువ్వెన."

"ప్లాస్టిక్‌దా? కొమ్ము దువ్వెనలు అమ్మేటోని పెండ్లానివి, ప్లాస్టిక్‌తోని దువ్వుకుంటున్నవా?"

"మరి? నాకు కొమ్ముది ఎవలిచ్చిండ్రు?"

"దుకాణం నిండ ఉన్నయ్ గద. అడిగితే ఇయ్యనా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. కిటికీ వైపు చూస్తూనే అంది. "తొవ్వంట పోయే ఆడోళ్లను పిలిసి పిలిసి చెప్తవ్. నీ జుట్టుకు గిది మంచిగుంటది, నీ జుట్టుకు గది మంచిగుంటది అని. వాళ్లు అడిగిండ్రా? నా జుట్టుకు ఏది మంచిగుంటదో ఎన్నడన్న చూసినవా?"

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, ఎవరూ పెట్టింది కాదు, దానంతట అది నడిచేది. దుకాణంలో అమ్ముడుపోనిది ఇంటికి వచ్చేది. రంగు వెలిసిన రిబ్బన్లు, తుప్పు పట్టిన పిన్నులు, జత తప్పిన క్లిప్పులు, ఇవన్నీ మా అమ్మవి. కొమ్ము దువ్వెనలు ఎన్నడూ మిగల్లేదు, పాస్ కానివి ఉస్తాద్‌కే తిరిగి పోయేవి. అందుకే ఒక్కటి కూడా ఇంటికి రాలేదు. ఇన్నేళ్లూ ఆ గులాబీ రంగు దువ్వెన నా కళ్ల ముందే అద్దం దగ్గర ఉండే ఉంటుంది. నాకు సిగ్గేసింది.

బాపు మొదటి దువ్వెన తీసి నెత్తి మీద పెట్టి, నా తల మీద లాగినట్టే సర్రున లాగాడు. అది నడుమలోనే చిక్కుకుంది.

"అబ్బా! నెత్తా ఇది, దుక్కి దున్నే చెల్కనా? కింది నుంచి రావాలె. ముందుగాల కొసలు, ఎనుకసీరి మీదికి. ఇన్నేండ్లు దువ్వెనలు అమ్మినవ్, దువ్వ రాదా నీకు?"

నిజంగానే రాదు. ఆయన చేతికి తెలిసింది ఒక్క పొట్టి క్రాపు, అది నాది. మా ఆవిడ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. బాపు జుట్టును ఎడమచేత్తో పట్టుకుని కొసల నుంచి మొదలుపెట్టాడు.

"గుంజుతున్నది," అంది అమ్మ. ఆ దువ్వెన పక్కకు పోయింది.

"గిది చెవి ఎనుక గోకుతున్నది." పక్కకు.

"గిది బరువు. చెయ్యి నొస్తది ఆడోళ్లకు." పక్కకు.

"గిది మంచిగనే ఉన్నది గని నీ చెయ్యి మంచిగ లేదు. మల్ల దువ్వు."

తిట్టు పడ్డ కొద్దీ బాపు ముఖం వెలిగిపోతోంది. ప్రతి తిట్టుకూ ఆ దువ్వెనను ఎత్తి చూసి, తప్పెక్కడుందో పట్టుకుని నాకు చూపిస్తున్నాడు. "సూడు, గీ కొస మొద్దు గాలే. ఉస్తాద్‌కు చెప్పు." ఎన్నాళ్లుగానో వెతుకుతున్న తల ఇంట్లోనే దొరికింది ఆయనకు. మంచం మీద ఒక పక్క నచ్చినవి, ఒక పక్క నచ్చనివి పెరుగుతూ పోయాయి. నచ్చినవే ఎక్కువున్నాయి.

చివర ఒకటి మిగిలింది. తేనె రంగులో, మధ్యలో నల్లటి చార పోయిన దువ్వెన. అప్పటికి చిక్కులన్నీ పోయి జుట్టు జారుతోంది. బాపు దాన్ని నుదుటి దగ్గర పెట్టి నడుము దాకా మెల్లగా దింపాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆయన మళ్లీ దింపాడు. ఏమీ అనలేదు. ఆయనకు కంగారు పుట్టింది.

"గుచ్చుతలేదా?"

"లేదు."

"గుంజుతలేదా?"

"లేదు."

నా జేబులో ఫోన్ మోగింది. ఉస్తాద్. బాపు దువ్వెన పైకెత్తి నాకు సైగ చేశాడు, పాసని చెప్పమని. ఆయన గొంతు ఎన్నాళ్ల తర్వాతో దుకాణంలోని గొంతైంది. "అయిపాయె. సరుకు తీసుకో. ఇగ లేస్త, రేపు పొద్దుగాల దుకాణం నేనే తెరుస్త."

అమ్మ కళ్లు మూసుకునే ఉంది. జుట్టు సర్దుకోలేదు, లేవనూ లేదు.

"తెరుద్దువు గని," అంది. "నేను దువ్వుడు ఆపమన్ననా?"